రెండో గేర్‌బాక్సు

మా మామయ్య అబ్రహాం గారు ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైన మనిషి. బండి విషయంలో ఆయన మాటంటే మా ఇంట్లో వేదవాక్కు. నాకు కారు నేర్పింది ఆయనే. ఆయన కొడుకు, నా భర్త బెంజమిన్ నాచారంలో పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఫిట్టరు, షిఫ్టుల బతుకు. ఆయనకు తీరికా లేదు, నేర్పే ఓపికా లేదు. అందుకని మామయ్యే నన్ను ఉప్పల్ భగాయత్‌లోని ఖాళీ రోడ్ల మీదికి తీసుకెళ్లి, పక్క సీట్లో కూర్చుని, ఒక్కసారి కూడా గొంతు పెంచకుండా నేర్పారు. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. చెప్పడానికి సిగ్గేమీ లేదు, మామయ్యంటే నాకు ప్రాణం.

నాది పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసే పని. పని చేతకాక పోగొట్టుకున్న పెళ్లి నాకు ఒక్కటీ లేదు, బండి దొరక్క పోగొట్టుకున్నవి మాత్రం బోలెడు. తెల్లవారుజామున ముహూర్తమంటే మూడున్నరకే ఇల్లు కదలాలి. ఆ వేళకు చర్లపల్లి ఫంక్షన్ హాలుకు ఏ ఆటో వస్తుంది? క్యాబ్ బుక్ చేస్తే, వస్తున్నానని చెప్పి పది నిమిషాలకు క్యాన్సిల్ చేస్తారు. అక్కడ పెళ్లికూతురు తడి జుట్టుతో కూర్చుని నా ఫోనుకు ఫోను కొడుతుంటుంది. ఆ బాధ పడలేకే పాత కారు ఒకటి కొనుక్కున్నాం. లైసెన్సు వచ్చిన నెలలోనే కాప్రా, చర్లపల్లి, హబ్సిగూడ అన్నీ తిరిగేశాను. కమలానగర్‌లో ఒక పెళ్లికూతురి తల్లి, నువ్వే నడుపుకుంటూ వచ్చినవా అని నా రెండు చేతులూ పట్టుకుని చూసింది. ఆ రోజు ఇంటికొచ్చి మామయ్యకు చెబితే, ఆయన మీసాల్లో నవ్వుకుంటూ టీ తాగారు.

వేసవి పెళ్లిళ్లు మొదలయ్యే ముందు ఒక రోజు కారు స్టార్టు చేస్తే ఇంజిను మామూలుగానే అందుకుంది, గేరు మాత్రం పడలేదు. రాడ్డు చేతిలో వదులుగా అటూ ఇటూ ఊగుతోంది, అంతే. మామయ్య లుంగీ పైకి కట్టుకుని వచ్చి, బానెట్ ఎత్తి లోపలికి వంగి చాలాసేపు చూశారు. గేర్‌బాక్సు పోయిందన్నారు. ఎందుకు పోయిందని అడిగితే వెంటనే చెప్పలేదు. నేను పట్టుబడితే, నేను బాధపడతానేమోనన్నట్టు తలొంచుకుని అన్నారు.

"నీ కాలు క్లచ్ మీదికెళ్లి లేవదు బిడ్డా. ఎన్నిసార్లు చెప్పిన?"

నిజానికి అంతకు ముందు ఆయన ఆ మాట అన్నట్టు నాకు గుర్తులేదు. అయినా మరచిపోయి ఉంటాననుకున్నాను. నా మతిమరుపునైనా అనుమానించాను కానీ ఆయన్ని అనుమానించలేదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళదామంటే, వాళ్లు బాగున్న దాన్ని కూడా పోయిందంటారు, వద్దన్నారు. ఈ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బెంజమిన్ మాత్రం ఒక్కసారి అడిగాడు, కేబుల్ గిట్ల చూసినవా నాన్నా అని. గేరు రాడ్డును బాక్సుకు కలిపేది ఆ కేబులే. మామయ్య జవాబు చెప్పేలోపే నేను మధ్యలో దూరాను. ఆయన అనుభవం ముందు నీదెంత, ఆయనకు తెలియదా అని కొడుకుని నేనే కసిరాను. బెంజమిన్ డ్యూటీకి పోయాడు. మామయ్య నా వైపు చూశారు. మెచ్చుకుంటున్నారనుకున్నాను.

ఆ సీజనంతా ఇంట్లోనే కూర్చున్నాను. ఒప్పుకున్న పెళ్లిళ్లను త్రివేణి అని మరో బ్యూటీషియన్‌కు అప్పజెప్పాను. పెళ్లికూతుళ్లకు ఫోన్ చేసి క్షమించమని చెప్పాను. కారు బాగోలేదు అంటే ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంటుందని, తప్పు నాదేనని నేనే అందరికీ చెప్పుకున్నాను. మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగిన రోజు లేచి నిలబడి, నా అజాగ్రత్త వల్ల బండి చెడిపోయింది, పనికి దారి చూపమని ప్రార్థన చేయండి అని అడిగాను. పాస్టరు గారు ప్రార్థన చేశారు. ఆమేన్ అన్నవాళ్లలో మామయ్య గొంతే గట్టిగా వినిపించింది.

ప్రార్థన సంగతి ఎలా ఉన్నా, నా ప్రయత్నం నేను మానలేదు. కొత్త బాక్సు కొనే స్తోమత లేదు కాబట్టి పాతదాని కోసం తుక్కు షెడ్లన్నీ తిరిగాను. చర్లపల్లి దారిలో హన్మయ్య అనే ఆయన షెడ్డులో, వెనకనుంచి ఏదో గుద్దితే తుక్కయిన మా రకం కారే ఒకటి దొరికింది. ముందు భాగం చెక్కుచెదరలేదు. దాని గేర్‌బాక్సు విప్పించి ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాను. నడవలో దించగానే మామయ్యను పిలిచాను, చూడండి ఎంత మంచిది దొరికిందో అని. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగారు. పాతవాటిని నమ్మొద్దు, వేసినా పనిచేస్తుందని చెప్పలేం అన్నారు. నా ఉత్సాహం మీద నీళ్లు చల్లినట్టయింది కానీ, ఆయన జాగ్రత్త ఆయనది అనుకున్నాను.

మరుసటి ఆదివారం ఆరాధన అయిపోయాక బెంజమిన్, వాళ్ల ఫ్యాక్టరీ దోస్తు విక్రమ్ పనిలోకి దిగారు. ఇంటి ముందే కారును జాకీతో లేపి, కింద దిమ్మెలు పెట్టారు. బానెట్ మీదుగా అడ్డంగా ఇనుప పైపు వేసి, ఇంజినును గొలుసుతో దానికి వేలాడదీశారు. విక్రమ్ కింద దూరి ఆయిలు వంపి యాక్సిళ్లు లాగుతుంటే, బెంజమిన్ పైనుంచి బ్యాటరీ తీసి బోల్టులు విప్పాడు. స్పానర్లు అందించడం, టీలు పెట్టడం నా వంతు. బాక్సు దించేటప్పుడు ముగ్గురం తలా ఓ చెయ్యి వేసి గోనెపట్ట మీదికి జరిపాం. రండి అని విక్రమ్ రెండుసార్లు పిలిచినా మామయ్య గేటు దగ్గర కుర్చీలోంచి లేవలేదు. మోకాళ్ల నొప్పులన్నారు. ఎండలో కూర్చోవద్దని గొడుగు కూడా ఇచ్చి వచ్చాను.

రెండో బాక్సు ఎక్కించడానికి సాయంత్రమైంది. ఎముకలు విరిగినంత పని. అంతా బిగించి, చివరికి కేబుల్ తగిలించబోయి బెంజమిన్ ఆగాడు. కేబుల్ ఊడిపోకుండా పట్టి ఉంచే చిన్న క్లిప్పు కనిపించలేదు. ఎక్కడ పెట్టినవని విక్రమ్‌ను అడిగాడు.

"నేను తియ్యలేదన్నా. నేను కిందున్న గదా. కేబుల్ నువ్వే తీసినవ్."

"నేను చూసేసరికే ఊడి ఉండె. నువ్వు తీసినవనుకున్న."

ఇద్దరూ ఎదుటివాడే తీశాడనుకున్నారన్నమాట. అప్పటికీ మాకెవరికీ అనుమానం రాలేదు. ఎక్కడో కింద పడి ఉంటుందని వెతకడం మొదలుపెట్టాం. అది లేకపోతే కారు కదలదు. నేను చీర కొంగు నడుముకు దోపుకుని, నేలమీద బోర్లా పడుకుని, కారు కింద మట్టీ ఆయిలూ కలిసిన బురదలో వేళ్లతో దేవుతున్నాను. మోచేతులు గీరుకుపోయాయి. ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు పాక్కుంటూ వస్తుంటే గేటు దగ్గర కుర్చీ చప్పుడైంది. మామయ్య లోపలికెళ్లి వచ్చారు. చేతిలో కళ్లజోడు డబ్బా ఉంది. దాన్ని తెరిచి, అందులోంచి క్లిప్పు తీసి, నేను ఇంకా కిందే ఉండగా నా అరచేతిలో పెట్టారు.

"బాక్స్ మంచిగనే ఉండె బిడ్డా. కేబుల్ నేనే తీసిన."

బెంజమిన్ గోనెపట్ట మీదున్న పాత బాక్సు దగ్గర కూర్చుని, షాఫ్టు తిప్పుతూ ఒక్కో గేరూ వేసి చూశాడు. అన్నీ పడ్డాయి. అతను లేచి వెళ్లి నల్లా దగ్గర చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు, ఎంతకీ ఆపలేదు. విక్రమ్ పని ఉందని చెప్పి బండెక్కి వెళ్లిపోయాడు.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకని అడిగాను. పాల బూత్ దగ్గర తన ఈడు మనుషులు అడిగారట, మీ కోడలు తెల్లారకముందే ఒక్కతే కారేసుకుని ఎటు పోతుందని.

"పెళ్లిపిల్లను తయారు చెయ్యనీకి పోతున్నదని చెప్పలేకపోయిన్రా మామయ్యా?"

"చెప్పిన. నవ్విన్రు."

దానికి ఆయన ఎంత కుమిలిపోయి ఉంటారో నేను ఊహించగలను. ఒక్క క్షణం జాలి కూడా వేసింది. కానీ నవ్వినవాళ్లు ఇప్పటికీ పాల బూత్ దగ్గర హాయిగా నవ్వుతున్నారు, ఇంట్లో కూర్చున్నది నేను. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

"వద్దు, పోకు అంటే కొట్లాడేదాన్ని. కొట్లాడి మళ్ల మీకే అన్నం పెట్టేదాన్ని. నా వల్లనే చెడిపోయిందని ఎందుకు చెప్పిన్రు?"

ఆయన కళ్లజోడు డబ్బా మూసి జేబులో పెట్టుకున్నారు.

"గట్ల చెప్తే మళ్ల నడుపుతా అనవనుకున్న."

క్లిప్పును బెంజమిన్‌కు ఇచ్చేసి లోపలికి వెళ్లి స్నానం చేశాను. నీళ్లు పోసుకుంటూ ఏడ్చాను. ఆ మాట అబద్ధమైనందుకు కాదు, అది నా మీద ఎంత బాగా పనిచేస్తుందో ఆయనకు ముందే తెలిసినందుకు ఏడ్చాను.

కారు మర్నాటి నుంచే నడిచింది. తుక్కు షెడ్డు బాక్సు నిక్షేపంలా ఉంది. నడపలేకపోయింది నేను. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర సిగ్నల్ పడగానే నా కాలు ఎక్కడుందో అని కిందికి చూసుకునేదాన్ని. వెనక హారన్లు మోగేవి, ఇంజిను ఆగిపోయేది. ఇంతకాలం ఆయన నేర్పినదాంట్లో ఏది నిజం, ఏది నన్ను ఆపడానికి అన్నది? ఎత్తు మీద ఇలా ఆపాలి, మలుపులో ఈ గేరే వేయాలి అని ఆయన చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చి, ఒక్కటీ నమ్మబుద్ధి కాలేదు. బెంజమిన్ పక్కన కూర్చుని, నీకేం తక్కువ, బాగానే నడుపుతున్నవని చెప్పేవాడు. అదీ నమ్మలేదు. మామయ్య ఒకరోజు తాళంచెవి పట్టుకుని వచ్చి, భగాయత్ దాకా పోయొద్దామా బిడ్డా అని అడిగారు. పొయ్యి మీద కూర ఉందని చెప్పాను.

హబ్సిగూడలో ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరాను. లైసెన్సు ఉన్న మనిషి చేరడమేమిటని ఇంట్లో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తారామణి అనే ఆవిడ ట్రైనరు. పొద్దున్నే ముందూ వెనకా ఎర్రటి ఎల్ అక్షరాలున్న కారులో మా గేటు దగ్గరికే వచ్చి, పక్క సీట్లోకి జరిగి, స్టీరింగ్ నాకిచ్చేది. మొదటిరోజు మామయ్య పేపరు చదువుతూ తలెత్తి చూసి, మళ్లీ పేపర్లోకి తల దించేశారు. తరువాత నుంచి ఆ వేళకు మొక్కలకు నీళ్లు పోసేవారు.

వారం గడిచాక ఒక పొద్దున, మా గల్లీలో ఎదురొచ్చిన నీళ్ల ట్యాంకరుకు దారిస్తూ కారును గోడకు అంగుళం దూరంలో వెనక్కి తీసి, మా గేటు ముందే ఆపాను. తారామణి అద్దంలోంచి గోడను చూసి, నా వైపు తిరిగింది.

"మీకు ముందే వచ్చు మేడమ్. మస్తు మంచిగ నేర్పిన్రు ఎవరో. ఎవరు?"

కిటికీ అద్దం దించే ఉంది. మామయ్య చేతిలో నీళ్ల పైపుతో గేటుకు అవతలే నిలబడి ఉన్నారు. నీళ్లు కుండీలో పడకుండా ఆయన కాళ్ల మీద పడుతున్నాయి. ఆయన వింటున్నారని నాకు తెలుసు.

"ఎవరూ నేర్పలేదు" అన్నాను.

ఆయన వైపు చూడకుండా ఫస్ట్ గేరు వేసి, కారును మెయిన్ రోడ్డు వైపు తిప్పాను.