కాల్చిన లైనింగు

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఓముర్జాక్‌కి ఆపాటి భాగ్యం కూడా దక్కలేదు. కనుమ దిగుతుండగా అతని పాత ట్రక్కు రోడ్డుకి అడ్డం తిరిగి లోయలో పడితే, పెళ్ళి విందు నుంచి వస్తున్నాడు కాబట్టి తాగే ఉంటాడని ఊరు తేల్చేసింది. తేల్చడానికి ఊరికెంతసేపు?

పోయినవాడి పేరున పెట్టే నలభయ్యో రోజు విందుకి ముందురోజు పొద్దున్నే అతని భార్య సోనున్ మెకానిక్ బెయిషెన్ షెడ్డుకొచ్చింది. లోయలోంచి లాగి తెచ్చిన ట్రక్కు ఆ షెడ్డు వెనకే పడి ఉంది. బడిలో తన పిల్లల్ని తాగుబోతు పిల్లలంటున్నారనీ, బ్రేకులు విప్పి చూసి, ఏముంటే అది రేపు పెద్దల ముందు చెప్పమనీ అడిగింది. బెయిషెన్ కాదనలేదు. పోవడానికి వారం ముందే ఓముర్జాక్ వచ్చి, బ్రేకు వేడెక్కితే వెనక కుడిచక్రం ఉన్నట్టుండి పట్టేస్తోందని చెప్పాడు. నీ కాలే బరువు, బండిదేం తప్పులేదు పో అని నవ్వి పంపేసింది బెయిషెనే.

మొదట వెనక ఎడమ చక్రం విప్పాడు. బ్రేకు డ్రమ్ములో పొడి దుమ్ము తప్ప ఏమీ లేదు. కుడివైపు డ్రమ్ము విప్పి, గుండ్రం తప్పిందేమోనని నాలుగుచోట్ల కొలిచాడు. తప్పి ఉంటే బాగుండుననీ అనుకున్నాడు, అప్పుడు నేరం ఇనుముదవుతుంది. కొలత ఎక్కడా తేడా రాలేదు. స్ప్రింగులు బాగున్నాయి, చేతిబ్రేకు తీగ ఎక్కడా ఇరుక్కోలేదు. ఇరుసు నూనె చక్రంలోకి కారకుండా వసంతంలో అతనే వేసిన కొత్త సీలు పొడిగా ఉంది. డ్రమ్ముని లోపలినుంచి ఒరుసుకుని చక్రాన్ని ఆపే బ్రేకు షూ మీది లైనింగు కూడా చేతికి పొడిగానే తగిలింది.

ఇక చూడవలసింది ఒక్కటే మిగిలింది. షూ తీసుకెళ్ళి పొయ్యి మీద పెట్టాడు. కాసేపటికి లైనింగుకి చెమట పట్టినట్టు నల్లటి నూనె చుక్కలు పైకి లేచాయి.

వసంతంలో సీలు మార్చినప్పుడు, అప్పటికే నూనె తాగిన ఆ లైనింగుని బెయిషెన్ పెట్రోలుతో కడిగి, పిడకల మంట మీద కాల్చి, మళ్ళీ దాన్నే బిగించాడు. ఆ ప్రాంతంలో అందరూ చేసేదే. వాళ్ళ నాన్నా అదే చేశాడు. కొత్త లైనింగు కోసం రెండు రోజులు ప్రయాణం చేసి పట్నం పోయేదెవరు? కాలిస్తే పైపైన ఆరుతుంది గానీ లోపలి నూనె లోపలే ఉంటుంది. కనుమ దిగుడులో డ్రమ్ము కాలేసరికి ఆ నూనె బయటికొచ్చి, జిగటకట్టి, ఒక్క చక్రాన్నే పట్టేసింది. బండి అందుకే అడ్డం తిరిగింది.

సోనున్ గుమ్మంలో నిలబడే ఉంది. గుడ్డ పెట్టి ఒక్కసారి తుడిస్తే ఆ చుక్కలు ఎవరికీ కనపడవు. బెయిషెన్ తుడవలేదు.

"వాడు తాగలేదమ్మా. చేతులారా నేనే చంపుకున్నాను," అన్నాడు.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. రేపు ఆ షూ తెమ్మని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు విందు గుడారంలో ఖురాన్ చదవడం అయ్యాక, మాంసం పళ్ళాలు రాకముందే, బెయిషెన్ షూని అందరి మధ్యా పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాడు. అక్కడ సొంత బండి ఉన్న ప్రతివాడి చక్రంలోనూ కాల్చిన లైనింగే ఉంది. అది తప్పని ఒప్పుకుంటే రేపు కనుమ ఎక్కేదెవరు?

ఊరిపెద్ద కాయిప్ గడ్డం నిమురుకున్నాడు.

"మా తాతల నాటి నుంచీ కాలుస్తూనే ఉన్నాం, అందరం పోయామా? పోయినవాడి తప్పు నీ నెత్తినేసుకోకు నాయనా. నీకూ పిల్లలున్నారు."

పెద్దమనసుతోనే అన్నాడు, అదే ఘోరం. తక్కినవాళ్ళు అవునంటే అవునన్నారు. ఒకడు బెయిషెన్ భుజం తట్టాడు. పళ్ళాలు రాగానే ఇంకొకడు కొవ్వున్న మంచి మాంసం ముక్క ఏరి అతని చేతిలో పెట్టాడు. కాయిప్ దువా ప్రార్థన చేసి అరచేతులు ముఖానికి రాసుకోగానే అందరూ తిండిలో పడ్డారు.

సోనున్ టీ పోస్తూ వచ్చి బెయిషెన్ దగ్గర ఆగింది.

"నిన్ను క్షమించేశారన్నా," అంది మెల్లగా. "ఆయన్ని మాత్రం తాగుబోతుగానే ఉంచేశారు."

అతను చేతిలో ముక్క చల్లారిపోతున్నా, తినలేక, కింద పెట్టలేక, అలాగే పట్టుకుని కూర్చున్నాడు.