నల్ల టోపీ, ఎర్ర శాలువా

యువరాణి రైలు మా ఊళ్లో ఆగుతుందని తెలిసిన రోజు నుంచి నాకు మా అత్తగారి టోపీ మీదే ధ్యాస. పొడుగాటి నల్ల టోపీ, ఆమె తల్లి నాటిది. వేల్స్‌లో ఇప్పుడు అలాంటివి ఎవరూ రోజూ పెట్టుకోరు. కానీ పాత వేషంలో ఉన్న ఆడవాళ్లే ప్లాట్‌ఫారం మీద నిలబడాలని స్టేషను మాస్టారు ఇంటింటికీ చెప్పించాడు. టోపీ లేనివాళ్లు కంచె అవతలే.

అత్త ఆ టోపీని పెద్దకోడలు నెస్ట్‌కి ఇచ్చింది.

"అది ఇంగ్లండులో, చెస్టర్‌లో దొరల ఇంట్లో పనిచేసొచ్చింది. యువరాణి పలకరిస్తే నాలుగు ఇంగ్లీషు ముక్కలన్నా మాట్లాడుతుంది. నువ్వైతే నోరు తెరుచుకుని చూస్తావు," అంది.

నిజమే. నన్ను బడి మాన్పించి ఆవుల వెంట పంపినప్పటికి నా పాలపళ్లు పూర్తిగా ఊడనేలేదు. అయినా ఆ ఉక్రోషంలో పెనం మీద రొట్టెలు మాడ్చాను. నెస్ట్ అద్దం ముందు టోపీ సర్దుకుంటుంటే, దాని అంచు విరిగితే బాగుండుననుకున్నాను.

రైలు వచ్చే రోజు పొద్దున నేను నా చంటివాడు టూడుర్‌కి పాలిస్తుంటే నెస్టే వచ్చి పక్కన కూర్చుంది. దగ్గుతో పిల్లాడు రాత్రంతా నిద్రపోలేదు. వాడి గుండె మీద చెయ్యేసుకుని నేనూ నిద్రపోలేదు.

"లౌరీ, టోపీ నువ్వే పెట్టుకో."

"పొద్దున్నే ఎగతాళా అక్కా?"

"కాదే. దగ్గే పిల్లాణ్ని ఇంజను పొగలోకి తీసుకెళ్తావా? నాకివ్వు. కంచె దగ్గర గాలి బావుంటుంది, నేనెత్తుకుంటాను."

నెస్ట్‌కి పెళ్లై ఇన్నేళ్లైనా పిల్లల్లేరు. ఆ సంగతి ఆ క్షణాన నాకు తట్టలేదు. టోపీ ఒక్కటే కనిపించింది. పిల్లాణ్ని కట్టుకునే ఎర్ర శాలువాను ఆమె భుజం మీదుగా తెచ్చి, నడుం చుట్టూ తిప్పి, నా చేతులతోనే వాణ్ని ఆమె ఒంటికి కట్టాను.

రైలు ఆగింది. యువరాణి దిగి, మా వరుస ముందు నుంచి చిన్నగా నవ్వుతూ నడిచింది. అన్నీ ఒకేలాంటి టోపీలు. ఆమె చూపు ఎవరి మీదా నిలవలేదు, నా మీదా నిలవలేదు. కంచె దగ్గర మాత్రం ఆగింది. శాలువాలోంచి టూడుర్ చెయ్యి బయటపెట్టాడు. ఆమె చేతి తొడుగు విప్పి వాడి వేలు పట్టుకుని, నెస్ట్‌ని ఏదో అడిగింది. నెస్ట్ తలూపింది. వాణ్ని ఇంకాస్త హత్తుకుని మళ్లీ తలూపింది.

నా పక్కనున్న, ఇంగ్లీషు తెలిసిన స్టేషను మాస్టారి భార్య మోచేత్తో పొడిచింది.

"నీ బిడ్డేనా అని అడుగుతోందే. మీ అక్క ఔనంటోంది."

రైలు కదిలాక నేను వెళ్లి శాలువా ముడి విప్పబోతే నెస్ట్ ఒకడుగు వెనక్కి వేసింది.

"ఏమడిగిందక్కా ఆవిడ?"

"ఏమో. ఆ యాస నాకేం తెలుస్తుంది? ఊరికే తలూపాను."

చెస్టర్‌లో పనిచేసిన మనిషి. కళ్లెత్తి నా వైపు చూడలేదు.

టోపీ తీసి ఆమె నెత్తిన పెట్టాను.

"నీదే అక్కా. ఇంకెప్పుడూ దీని ఊసెత్తను. నా పిల్లాణ్ని నాకివ్వు."

ఇచ్చింది. శాలువా ఆమె ఒంటి వేడితో వెచ్చగా ఉంది.

దారిలో టూడుర్ దగ్గాడు. వాడి వీపు మీదికి రెండు చేతులు వచ్చాయి. నాది ముందు పడింది. ఇల్లు చేరేదాకా తీయలేదు, ఆమె చేతికి చోటివ్వలేదు.