బొగ్గు బస్సులో అమ్మవారు

కోయిలకుంట్ల నుంచి జమ్మలమడుగు పోయే బస్సుకు మాబు సాహెబ్ కండక్టరు. యుద్ధం వచ్చి పెట్రోలు కరువైన రోజులవి. బస్సు వెనకాల మనిషెత్తు ఇనుప డ్రమ్ము బిగించి, అందులో బొగ్గులు రాజేసి, ఆ పొగతోనే ఇంజను నడిపేవాళ్లు. బొగ్గులు పోయడం, బూడిద దులపడం, టిక్కెట్లు కొట్టడం, ముసలివాళ్లను చెయ్యిపట్టి ఎక్కించడం, దప్పికన్నవాళ్లకు కుండలో నీళ్లు ముంచివ్వడం, అన్నీ మాబు పనే. డ్రైవరు కంబన్న కదిరి వైపు మనిషి. చిన్నప్పుడు అమ్మవారు పోసి బతికినవాడు. మొహమంతా చెదలు తిన్న చెక్కలా గుంటలు గుంటలుగా ఉండేది.

ఆ వేసవిలో మాబుకు ఆడపిల్ల పుట్టింది. జమ్మలమడుగులో దూదేకుల వీధిలో ఇల్లు. భార్య దౌలత్ బీ ఇంకా పచ్చి బాలింత. పొద్దున పోయేటప్పుడు ఒకసారి, మధ్యాహ్నం బండి తిరిగొచ్చాక ఒకసారి ఆ పసిగుడ్డును చేతిలోకి తీసుకోకపోతే మాబుకు తోచేది కాదు.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో, పేరుకు పల్లెగాని నాలుగిళ్లు తప్ప కనిపించని ఒక మలుపులో, ఒక ఆడమనిషి చెయ్యెత్తి బస్సు ఆపింది. పేరు రామలక్ష్మమ్మ అని తర్వాత తెలిసింది. భుజం మీద కంబళి చుట్టిన పిల్లవాడు. ఎండ నిప్పులు చెరుగుతుంటే కంబళేమిటని మాబుకు అనుమానం రావలసింది. రాలేదు. బరువుతో ఆమె తూలుతుంటే, "ఇట్లా ఇయ్యమ్మా" అని పిల్లవాణ్ణి తనే అందుకుని లోపలికి ఎత్తాడు. కంబళిలోంచి వేడి పొయ్యిలోంచి వచ్చినట్టు చేతులకు తగిలింది. బల్ల మీద పడుకోబెడుతుంటే మడతలోంచి రెండు వేపరెమ్మలు జారి కింద పడ్డాయి.

మాబు కంబళి అంచు కొంచెం ఎత్తి చూశాడు. నుదుటి మీద, కనురెప్పల మీద, పెదవుల మీద చోటు లేకుండా పొక్కులు. కన్ను తెరుచుకోవడం లేదు. మాబు గబుక్కున కంబళి కప్పేసి తలెత్తాడు. తల్లి అతన్నే చూస్తోంది. వేపరెమ్మల్ని కాలితో బల్ల కిందికి నెట్టి, "పోనీ కంబన్నా" అని అరిచాడు.

ఎందుకు చెప్పలేదో అతనికే అర్థం కాలేదు. బస్సు నిండా జనం. చెబితే ఏమవుతుందో తెలుసు. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. చేతులు చొక్కాకు రుద్దుకున్నాడు. ఎంత రుద్దినా ఆ వేడి పోయినట్టు లేదు. ముందు బల్ల మీది ముసలమ్మ నీళ్లడిగింది. కుండలో చెంబు ముంచబోయి ఆగిపోయాడు. "నువ్వే ముంచుకో అవ్వా, నా చేతులు మసిగా ఉండాయి" అన్నాడు. ఇంటికి పోగానే దౌలత్ బీ పిల్లను తెచ్చి చేతుల్లో పెడుతుంది.

గట్టెక్కే చోట బస్సు పొగ అందక ముక్కి మూలిగి ఆగిపోయింది. అది రోజూ ఉండేదే. అందరూ దిగి నెట్టాలి. అందరూ దిగారు, ఆ తల్లి తప్ప. కోయిలకుంట్లలో శెనక్కాయలు అమ్ముకుని వస్తున్న తిమ్మయ్య అనే వ్యాపారి కిటికీలోంచి తొంగిచూసి, "ఏందమ్మా, మేమంతా దిగితే నువ్వు దొరసాని మాదిరి కూచున్నావే? పిల్లోన్ని నేను పట్టుకుంటా, దిగు" అంటూ కంబళి లాగాడు.

ఆ తర్వాత అతని నోట్లోంచి వచ్చింది మాట కాదు, కేక. "అమ్మవారు! ఓరి నాయనా, బండిలో అమ్మవారు!"

నెట్టడానికి భుజాలు ఆనించినవాళ్లు చెల్లాచెదురై రేగడి చేలల్లోకి పరుగెత్తారు. ఒకావిడ తన పిల్లల తలల మీద కొంగు కప్పి ఏడుపు లంకించుకుంది. దూరంగా నిలబడి తలా ఒక మాట విసిరారు.

"దింపు దాన్ని!"

"మాబూ, నీకు కండ్లు కనపడల్యా ఎక్కిచ్చుకునేటప్పుడు?"

"దింపకుంటే బండి తగలబెడతాం!"

మాబు మెట్టు దగ్గరకు వెళ్లాడు. మొహం చూడకుండా, "దిగమ్మా" అన్నాడు.

ఆమె బతిమాలలేదు. బిడ్డను భుజాన వేసుకుని దిగింది. కాళ్లకు చెప్పులు లేవు. నేల కాలుతుంటే ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతూ, "దిగినా నాయనా. వీని నోట్లో గుక్కెడు నీళ్లు పోసి పోండి, అంతే" అంది.

కనుచూపు మేరలో చెట్టు లేదు. బీటలు వారిన నల్లనేల, దానిమీద ఆడుతున్న ఎండ. కంబన్న స్టీరింగు వదిలి దిగివచ్చి, ఆమెనూ మాబునూ మార్చి మార్చి చూశాడు.

"నువ్వే దింపినావా?"

"ఇంట్లో బాలింత ఉండాది కంబన్నా. నీకేం, నీకు పోసి పోయింది. నాకు టీకా గూడా ల్యా."

నిజమే. చిన్నప్పుడు టీకాలవాళ్లు వీధిలోకి వచ్చిన రోజు మాబు పత్తికుప్పలో దూరి దాక్కున్నాడు. వాళ్లు పోయేదాకా తల్లే పైన దూది కప్పింది.

"నిన్ను తప్పు పట్టల్యా" అన్నాడు కంబన్న. "ఆ బిడ్డను ఈడ వదిలితే పొద్దు వాలేదాకా ఉండడు. అది చెప్తాండా, అంతే. యాడికమ్మా పోతాండావు?"

"జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి. పెద్దోడు పోయినాడు. వీడొక్కడే ఉండాడు నాకు."

మాబు కంబన్న మొహం వైపు చూశాడు. ఎండ పడి ఆ గుంటలన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. ఒకసారి పోస్తే మళ్లీ పోయదు. చిన్నపిల్లలకైనా తెలిసిన మాటే. మాబు చేలల్లో నిలబడ్డ మొహాలను ఒక్కొక్కటే చూడసాగాడు. తర్వాత చేతులు నోటికి అడ్డంపెట్టి అరిచాడు.

"అమ్మవారు పోసి బతికినోళ్లు ఎవరెవరు ఉండారో ముందుకు రాండి! మీరు ఈ యమ్మ చుట్టూరా కూచోండి. తక్కినోళ్లు వెనక్కి. తెరలన్నీ ఎత్తికట్టి గాలి ఆడిస్తా. ఇష్టం లేనోళ్లు ఉండండి, సాయంత్రం బండి పంపిస్తాం. ఈ బిడ్డను మాత్రం ఈడ ఇడిసిపెట్టి పోయేది ల్యా!"

ఎవరూ కదల్లేదు. "నీయబ్బ సొమ్మా బండి?" అన్నారెవరో.

ఇందాక నీళ్లడిగిన ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ బయల్దేరింది. సుబ్బరత్నమ్మ ఆమె పేరు, ఉయ్యాలవాడ పక్క. "నా మొగం చూస్తే తెలీడంల్యా రా? నా తోడబుట్టిన ఇద్దరు తమ్ముళ్లను ఎత్తుకపోయినాది ఆ తల్లి. నన్ను మాత్రం యాలనో ఇడిసిపెట్టింది" అంటూ రామలక్ష్మమ్మ చెయ్యి పట్టుకుని బస్సెక్కించి, పక్కనే కూర్చుంది. ఆ తర్వాత ఒక గొర్రెలకాపరి వచ్చాడు. ఆ తర్వాత భార్యాభర్తలు ఇద్దరు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ. మచ్చలున్నవాళ్లతో ముందు రెండు వరసలూ నిండాయి. మిగిలినవాళ్లు బండిని నెట్టి గట్టెక్కించి, వెనక వరసల్లోకి ఎక్కి, గుడ్డలు ముక్కులకు అడ్డంపెట్టుకున్నారు. తిమ్మయ్య మాత్రం లోపలికి రానంటే రానని నిచ్చెన పట్టుకుని టాపెక్కి, మూటల మధ్య తలపాగా మొహం మీదికి లాక్కుని కూర్చున్నాడు.

మాబు లోపల నిలబడలేదు. వెనక డ్రమ్ము పక్కన మెట్టు మీద వేలాడుతూ, సెగకు చెంపలు కమిలిపోతున్నా, దారి పొడుగునా అక్కడే ఉన్నాడు. ఇంటి సంగతి ఆలోచించకూడదనుకున్నకొద్దీ అదే గుర్తుకొచ్చింది.

జమ్మలమడుగు చేరాక కంబన్న బస్టాండుకు పోకుండా బండిని నేరుగా ఆసుపత్రి గేటు ముందు ఆపాడు. నర్సు రాహేలమ్మ వచ్చి కంబళి ఎత్తి చూసి, బిడ్డను లోపలికి పంపించి, మాబు వైపు తిరిగింది.

"ఒక్కరు గూడా పోకూడదు. అందరికీ టీకా ఎయ్యాల."

మాబు తలుపుకు అడ్డం నిలబడ్డాడు. వెనక కిటికీలోంచి ఇద్దరు దూకి పారిపోయారు. ఇంకొకడు మాబును గుండెల మీద గుద్దాడు. మాబు చెయ్యెత్తలేదు, పక్కకు జరగనూ లేదు. "ఇంటికి పోయి మీ పిల్లోల్లను ఎత్తుకుంటారు గదా! వాళ్ల కోసరమన్నా ఏసుకోండి" అన్నాడు. టాపు మీంచి తిమ్మయ్య మెల్లగా దిగాడు. ఎండదెబ్బకు మొహం కందిపోయి ఉంది. ఎవరి వైపూ చూడకుండా చొక్కా చెయ్యి మడిచి ముందుకు చాచాడు.

అందరిదీ అయ్యాక మాబు వంతు వచ్చింది.

"ఇప్పుడేసుకుంటే ఆగుతాదా అమ్మా? పిల్లోన్ని ఈ చేతులతోనే ఎత్తినా."

రాహేలమ్మ అబద్ధం చెప్పలేదు. "ఈ పొద్దే తగిలింది గాబట్టి ఆగొచ్చు. ఆగుతాదని మాటియ్యలేను. ఇంట్లో ఎవరుండారు?"

చెప్పాడు.

"అయితే ఇంటికి పోవద్దు. వెనక కొట్టం ఉండాది, ఆడుండు. నేను పొమ్మనేదాకా కదలొద్దు."

సంగతి తెలిసి బస్సు యజమాని నరసింహారెడ్డి గొడుగు వేసుకుని వచ్చాడు. గేటు దాటి లోపలికి రాలేదు. మాబును దూరంగా నిలబెట్టి గొంతు తగ్గించి మాట్లాడాడు.

"రేపు బండి తీయాల. ఈ గోల ఊర్లో పాకితే మన బండి ఎవడెక్కుతాడురా? నోరు మూసుకోని పని చూసుకో."

"బండి కడగల్ల సామీ. బల్లలు ఊడబెరికి ఎండలో ఏసి, ఫినాయిలు పోసి కడగల్ల. నేను గూడా ఇప్పుడే రాగూడదు."

"జరమొచ్చిందా నీకు?"

"రాల్యా."

"రానిదానికి ఏడుస్తావేందిరా?"

"వచ్చేలోపల ఎంతమందిని చెయ్యిపట్టి ఎక్కిస్తానో ఏమో సామీ. వచ్చినాక చెప్తే ఏం లాభం?"

"అయితే ఇంగ ఎప్పటికీ రావద్దు పో" అని రెడ్డి గొడుగు తిప్పుకుని వెనుదిరిగాడు. బస్సుకు ఆనుకుని అంతా వింటున్న కంబన్న, ఇంజను తిప్పే ఇనుప హ్యాండిలు తెచ్చి రెడ్డి కాళ్ల దగ్గర పెట్టాడు. "వాడు లేని బండి నేను తోలను సామీ. వేరే వాణ్ణి చూసుకోండి."

బొగ్గు బండి తోలడం వచ్చినవాళ్లు ఆ చుట్టుపక్కల ఎవరున్నారు! రెడ్డి కొన్నాళ్లు బిగదీసుకున్నాడు. బస్సు ఎండలో నిలబడే ఉంది. ఈలోపల దాచాలనుకున్న మాట ఊరంతా పాకనే పాకింది. చివరికి ఆయనే మాబు పని మాబుకేనని ఒప్పుకుని, కూలీలను పెట్టి బల్లలు ఊడదీయించాడు, ఫినాయిలు వాసన వీధి చివరిదాకా వచ్చేట్టు కడిగించాడు. అలా కడిగినట్టు నలుగురికీ కనబడితేగాని జనం ఎక్కరని ఎవరో చెప్పారట.

కొట్టంలో మాబుకు రోజులు గడవలేదు. అత్త పీరాంబీ సంగటి తెచ్చి గోడ మీద పెట్టి, దూరం నుంచే తిట్టిపోసేది.

"లోకానికంతా నువ్వొక్కడివే దొరికినావా అల్లుడా? పచ్చి బాలింత ఏడిస్తే పాలు ఇంకిపోతాయని తెలీదా నీకు?"

"పాప తాగుతాందా అత్తా?"

"తాగుతాంది" అని, కొంగుతో కళ్లు తుడుచుకుని వెళ్లిపోయేది.

ఒక పొద్దున లేచేసరికి ఒళ్లు కాలుతోంది. చంకలో బిళ్ల కట్టింది. నడుము విరిచినట్టు నొప్పి. మాబు గోడకు ఆనుకుని కూర్చుని, మొహం మీద వేళ్లు పెట్టి అంగుళం అంగుళం తడిమి చూసుకున్నాడు. చెమటబొట్టు తగిలినా పొక్కేనేమో అనిపించింది. రాహేలమ్మను పిలవాలంటే భయం వేసింది, ఆమె ఏం చెబుతుందోనని. ఆమే వచ్చింది. కళ్లు చూసింది, నాలుక చూసింది. చివరికి చొక్కా చెయ్యి పైకి లాగి టీకా వేసిన చోటు చూసింది. చుట్టూ ఎర్రగా వాచి, మధ్యలో పెద్ద పొక్కు చీము పట్టి ఉంది.

"బాగ పొంగింది. ఈ జరం దీంతోనే అనుకుంటా."

"అనుకుంటాండావా, నిజమా?"

"నాకూ నమ్మకం కుదరాల గదప్పా. ఇంగ కొన్నాళ్లు చూస్తాం."

ఆ కొన్నాళ్లే అతనికి యుగాలయ్యాయి. జ్వరం తగ్గింది. మొహం మీద ఏమీ లేవలేదు. అయినా రాహేలమ్మ పొమ్మనలేదు, అతనూ పోతాననలేదు.

రామలక్ష్మమ్మ కొడుకు ఓబులేసు బతికాడు. ఒక కంట్లో పువ్వేసి చూపు పోయింది. పక్కులు రాలిపోయాక ఆసుపత్రివాళ్లు పంపించిన రోజు, ఆమె వాణ్ణి నడిపించుకుంటూ కొట్టం ముందుకు వచ్చి నిలబడింది.

"తెలిసే ఎక్కినా నాయనా. చెప్తే ఎక్కిచ్చుకోవని చెప్పల్యా."

"నేనూ తెలిసే ఊరకుంటిని" అన్నాడు మాబు. "రెమ్మలు చూసినా. ఎవరితో చెప్పల్యా."

పిల్లవాడు ఉన్న కంటితో అతన్ని ఎగాదిగా చూశాడు. వాళ్లమ్మ చెయ్యి లాగి, "మా, పోదాం" అన్నాడు.

మాబు ఇంటికి చేరిన రోజు దౌలత్ బీ వేణ్ణీళ్లు తోడి, కొత్త గుడ్డలు ఇచ్చి, స్నానం అయ్యాక పిల్లను తెచ్చి ఒళ్లో పెట్టింది. పిల్ల అతన్ని గుర్తుపట్టనట్టు చూసి, మూతి వంకర చేసి ఏడ్చింది.

మరుసటి పొద్దున మాబు పిల్లను గుడ్డలో చుట్టుకుని ఆసుపత్రికి బయల్దేరాడు. పీరాంబీ గడపకు అడ్డం నిలబడింది. "నలభై దినాలు వెళ్లని గుడ్డును సూదులతో పొడిపిస్తావా? మీ యమ్మ నిన్ను దూదిలో దాసిపెట్టి సాకల్యా?"

"దాసిపెట్టింది అత్తా. అందుకే ఇన్నాళ్లు ఆ కొట్టంలో సస్తా బతికినా" అన్నాడు మాబు.

దౌలత్ బీ లేచి వచ్చి తల్లి భుజం పట్టి మెల్లగా పక్కకు జరిపింది. "పోనీ మా" అంది. అతను వీధి మలుపు తిరిగేదాకా ఆమె గడపలోనే నిలబడి చూసింది.