చివరి బెంచీ దాకా

మా తొమ్మిదో తరగతికి ఈ ఏడాది శనివారాలు పుస్తకాల సంచీ లేదు. మధ్యాహ్నం రెండు పీరియడ్లు నాటకం. నేర్పేది భారతి టీచర్. విజయనగరంలో రైలెక్కి ఆమదాలవలసలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో మా ఊరు వస్తారు.

మొదటి క్లాసులో, ఇంట్లో చేసే పని ఏదైనా మాటలు లేకుండా చేసి చూపించమన్నారు. నేను నారు ఊడ్చాను. ఎడమచేతిలో కట్ట ఉన్నట్టు, కుడిచేత్తో మొక్కలు విడదీసి బురదలో గుచ్చుతున్నట్టు. కింద ఉన్నది గచ్చే అయినా, పాదాలు బురదలోంచి లాగినట్టే లాగాను. ఎవరూ నవ్వలేదు.

"యమునా, అమ్మడు నువ్వే" అన్నారు టీచర్.

అమ్మడు అంటే మేమంతా కలిసి అల్లుకున్న నాటకంలో రైతు. కాలువ చిట్టచివర ఆమె పొలం. పైవాళ్ళు మళ్ళించుకోగా మిగిలిన నీళ్ళతో సగం మడి ఊడుస్తూ, మిగతా సగానికి నీళ్ళిమ్మని ఆఫీసరును అడుగుతుంది. నెలాఖరున మండలంలోని బడులన్నిటికీ పోటీ. అందులో మేం వేసేది ఈ నాటకమే.

నా చేతులకు ఏ ఇబ్బందీ లేదు. గొంతుతోనే చిక్కు. ఇంట్లో అన్నం చాలని చెప్పినా అమ్మ రెండుసార్లు అడుగుతుంది.

మా స్టేజీ బడి వరండా. దాని ముందు ఆటస్థలంలో బెంచీలు వేశాం. చివరి బెంచీలో పృథ్వీరాజ్‌ను కూర్చోబెట్టి, వినబడితే చెయ్యెత్తమన్నారు టీచర్. నేను అమ్మడు మాటలన్నీ చెప్పాను. వాడు చెయ్యి ఎత్తలేదు.

"ఏటి సెప్తన్నాదో నాకేటీ ఇనబడ్నేదు టీచర్. నోరు మాత్రం కదుల్తన్నాది."

"టీవీకి సౌండు తీసేసినట్టున్నాది" అంది సింధూరి. సింధూరి వాళ్ళది కిరాణా కొట్టు. అది కొట్లోంచి పిలిస్తే వీధి చివర ఉన్నవాళ్ళు తిరిగి చూస్తారు.

అందరూ వెళ్ళాక టీచర్ నన్ను పక్కకు పిలిచారు. "వచ్చే శనివారానికి పృథ్వీకి వినబడకపోతే మాటలు సింధూరికి ఇస్తానమ్మా. నువ్వు పక్కన ఊడుస్తూ ఉందువుగాని."

తల ఊపాను. దారిలో మాత్రం ఏడుపొచ్చింది. ఎప్పుడూ ఎవరి వెనకాలో నిలబడటమే నాకు హాయి. కానీ ఈ మాటలు మాత్రం నేనే చెప్పాలి. నాకు ఇంత పట్టుదల ఉందని ఆ రాత్రి డైరీలో రాసుకుంటుంటే నాకే కొత్తగా అనిపించింది.

ఆ వారమంతా గేదెలపాకలో అరిచి చూశాను. పాలు పితకడానికి వచ్చిన మా దాలమ్మత్త గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓలే, ఎవుల్ని తిడతన్నావే? గేదె బెదిరిపోతాది!"

"తిట్టట్నేదత్తా. నాటకం."

"నాటకమైతే గేదెకెందుకే? మనుసులకి సెప్పు."

శనివారం రానే వచ్చింది. మడి ఊడ్చేవాళ్ళుగా నేను, సింధూరి, తాతమ్మ వరసగా నిలబడ్డాం. పేరు తాతమ్మే గాని అది నాకంటే చిన్నది. ఆఫీసరు వేషం వేసే ఝాన్సీలక్ష్మి, వాళ్ళ నాన్న కళ్ళజోడు పెట్టుకుని వరండా మెట్టు కింద నిలబడింది. నాటకంలో అదే గట్టు.

టీచర్ మమ్మల్ని వెనక గోడ దగ్గర నిలబెట్టారు. "ఊడుస్తూ ముందుకు రండి. జనానికి దగ్గరైతే గొంతు వినబడుతుంది" అన్నారు.

వంగాం. చేతులు కదిలాయి. చేతుల వెంటే పాదాలు, అలవాటు చొప్పున, వెనక్కి కదిలాయి. నేనూ తాతమ్మా ఒకేసారి వెళ్ళి గోడకు ధబ్బున తగిలాం. ఎప్పుడూ మడిలో దిగని సింధూరి ఒక్కతే చెప్పినట్టు ముందుకు నడుచుకుంటూ అంచుదాకా వెళ్ళిపోయింది.

"ఓలమ్మ! ఊడ్సిందంతా తొక్కీసింది!" అని తాతమ్మ అరిచింది.

బెంచీలన్నీ గొల్లుమన్నాయి. టీచర్‌కు మొదట అర్థం కాలేదు. "ముందుకు రమ్మంటే వెనక్కి వెళ్తారేంటి?"

"ముందుకెల్తే నారు మీదే నడవాల టీచర్. వెనక్కే ఊడుస్తారు" అంది తాతమ్మ.

టీచర్ కూడా నవ్వేశారు. "ఇన్నాళ్ళూ రైల్లోంచి చూస్తూనే ఉన్నాను, గమనించనే లేదు. సరే, అంచు దగ్గర మొదలుపెట్టి వెనక్కే వెళ్ళండి."

అంచు దగ్గర వంగాను. ఝాన్సీ నాకు చెయ్యి చాపితే అందేంత దగ్గర. మొదటి మాట దానికి చెప్పినంత మెల్లగానే చెప్పాను. ఒక అడుగు వెనక్కి. రెండో మాట. ఇంకో అడుగు. ఝాన్సీ దూరమవుతోంది. మా మడిలో ఊడుస్తూ గట్టు మీది అత్తతో కబుర్లు చెప్పేటప్పుడూ అంతే, దూరం పెరిగేకొద్దీ గొంతు దానంతటదే లేస్తుంది. అరుస్తున్నానని అనిపించదు. బెంచీల సంగతి మర్చిపోయాను. గోడ తగిలేసరికి ఆఖరి మాట వచ్చింది.

"సివారు పొలమూ పొలమే బాబూ! నీలు మా దాకా రావాల!"

పృథ్వీరాజ్ రెండు చేతులూ ఎత్తాడు. "ఇనబడ్నాది టీచర్! రోడ్డు మీద ఆటో కూడా ఆగీసింది!"

ఆటో ఏమీ ఆగలేదు. అయినా నాకు సంతోషమేసింది.

కానీ నాటకం అక్కడితో అయిపోదు. ఆఫీసరు వెళ్ళిపోయాక అమ్మడు నడుం ఎత్తి, జనం వైపు చూస్తూ ఒక్కతే చెప్పాలి: "రేపూ వస్తాను. వినేదాకా వస్తాను." అక్కడ వెనక్కి వెయ్యడానికి అడుగు లేదు, మాట్లాడటానికి ఝాన్సీ లేదు. అన్ని ముఖాలూ ఒక్కసారిగా కనబడ్డాయి. "రేపూ" వరకు బాగానే వచ్చింది. తరవాతి మాటలు నా దగ్గరే ఉండిపోయాయి. పృథ్వీరాజ్ చెయ్యి సగం లేచి ఆగిపోయింది.

"ఫరవాలేదు. మాటలు నీవే యమునా, ఇంకెవరికీ ఇవ్వను. ఆ చివరిది వచ్చే వారం చూసుకుందాం" అంటూ టీచర్ సంచీ తీసుకున్నారు. ఆటో వేళయింది.

"టీచర్" అన్నాను. "ఇంకొక్కసారి సెప్తాను."

అందరూ తిరిగి చూశారు. చివరి బెంచీలో పృథ్వీరాజ్ చెయ్యెత్తాడు.

"ఒరే, అది నాటకంలో మాట కాదురా" అంది తాతమ్మ.

"ఇనబడితే ఎత్తమన్నారు కదా! ఇనబడ్నాది, ఎత్తేను."

టీచర్ సంచీ కింద పెట్టారు. సింధూరి లేచి బెంచీల మధ్యనుంచి నడిచి వెళ్ళి, చివరి బెంచీకి ఇంకో కొసన కూర్చుంది.

"కానీయే, నాకూ ఇనబడాల" అంది.

నేను నిటారుగా నిలబడి ఊపిరి తీసుకున్నాను.