తొమ్మిదో ప్రశ్న

"ఉన్నావా అమ్మాయ్?"

"ఉన్నానత్తయ్యా."

రెండు చెంబుల నీళ్ళు పోసుకునేలోగా మళ్ళీ అదే పిలుపు. స్నానాల గది తలుపుకి గడియ లేదు. నాలుగు నెలల కిందట ఆమె లోపల ఫిట్స్ వచ్చి పడిపోతే తలుపు బద్దలుకొట్టాల్సి వచ్చింది. కొత్త తలుపుకి భర్త గడియ పెట్టించలేదు. బయటి నుంచి అత్తగారు పిలుస్తూ ఉండాలి, లోపలి నుంచి ఆమె పలుకుతూ ఉండాలి, అదీ ఏర్పాటు. ఒకసారి మొహం నిండా సబ్బు ఉండి పలకడం ఆలస్యమైతే ఇంటిల్లిపాదీ తోసుకుని వచ్చేశారు, మరిదితో సహా. "ప్రాణం కంటే సిగ్గెక్కువా?" అన్నారు అత్తగారు తర్వాత. అప్పటినుంచీ ఆమె నైటీ విప్పకుండానే స్నానం చేస్తోంది.

టైలరింగ్ షాపులో కటింగ్ ఆమె పని. పదకొండేళ్ళు కత్తెర పట్టిన చెయ్యి. ఫిట్స్ మొదటిసారి వచ్చింది ఆ కటింగ్ బల్ల దగ్గరే. తెలివొచ్చేసరికి చుట్టూ చెప్పులు, వంగి చూస్తున్న మొహాలు, తడిసిన చీర. ఆ చీర సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తకుండా ఉండటానికి వాళ్ళు పడ్డ అవస్థే ఆమెకి ఇప్పటికీ కళ్ళముందు ఆడుతుంది. "నీ మంచికేనమ్మా" అంటూ ఓనరు కత్తెర తీసుకుని గుండీలు కుట్టే మూల కూర్చోబెట్టాడు. ఇంట్లోనూ ఆమె మంచికే పొయ్యి దగ్గరికి రానివ్వరు. అంట్ల గిన్నెలకి మాత్రం ఆమె జబ్బుతో ఏ పేచీ లేదు. ఉతకాల్సిన దుప్పట్లకీ లేదు.

భర్త చెడ్డవాడు కాదు. ఆ మాట అందరూ అంటారు, ఆమె కూడా అంటుంది. క్యాలెండర్ పక్కన మేకుకి ఒక నోటుబుక్ వేలాడదీశాడు. ఏ రోజు వచ్చింది, ఎన్ని నిమిషాలుంది, నాలుక కరుచుకుందా, అన్నీ అందులో రాస్తాడు. న్యాయమే. ఆ నిమిషాల్లో తను ఎక్కడుంటుందో ఆమెకే తెలీదు, చూసినవాళ్ళు రాయాల్సిందే. నాలుగు నెలలుగా పేజీలు తెల్లగా ఉన్నాయి. ఎవరైనా పలకరించడానికి వస్తే అవే తిప్పి చూపించి, పూర్తిగా తగ్గిపోయిందని చెబుతాడు.

తగ్గిపోతే మరి ఆ వాసనేమిటి? ఫిట్స్ వచ్చేముందు ఆమెకి రబ్బరు కాలినట్టు వాసన వస్తుంది. ఇప్పుడది రోజూ వస్తోంది, దిండులోంచి, గుండీల డబ్బాలోంచి, గిన్నెలు తోమే నురగలోంచి. దగ్గరికి తీసుకుని చూస్తే ఏమీ ఉండదు. ఏమీ లేదని తెలిశాక కూడా గుండెదడ ఆగదు. మొదట్లో కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చేది. ఈమధ్య ఏడుపు కూడా రావడం లేదు. ఒక గుండీ కుట్టి ఇంకోటి తీసుకునేలోపు ఒక్కటే ఆలోచన: ఈసారి పడితే లేవకపోతే బాగుణ్ణు. అది ఎవరికీ కనపడదు కాబట్టి నోటుబుక్‌లోకి ఎక్కలేదు. ఒకరోజు ఉండబట్టలేక, "నాకేం బాలేదండీ" అంది భర్తతో. అతను వెంటనే చేతిగడియారం చూసుకున్నాడు, ఎన్ని నిమిషాలుంటుందో లెక్కపెట్టడానికి.

ఆవేళ స్నానమయ్యాక ఫిట్స్ మందుల కోసం భర్తతో ఆస్పత్రికి వెళ్తే, అక్కడ నర్సు ఒక కాగితం ఇచ్చింది. గత రెండు వారాలుగా మనసెలా ఉందో తెలుసుకోవడానికి తొమ్మిది ప్రశ్నలు. నర్సు ఆమె చేతికే ఇచ్చింది. అలవాటు కొద్దీ ఆమె దాన్ని భర్తకిచ్చింది. అతను మోకాలి మీద పెట్టుకుని చకచకా టిక్కులు కొట్టుకుంటూ పోయాడు. ఆమె పక్కనుంచి తొంగిచూసింది. నిద్ర పట్టకపోవడం, లేదు. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, లేదు. తొమ్మిదోది, బతికుండకపోతే బాగుండుననిపించడం. అక్కడ కూడా పెన్ను ఆగలేదు.

"ఫిట్స్ గురించి ఒక్కటీ అడగలేదేంటి వీళ్ళు?" అన్నాడు. "అన్నిటికీ లేదనే పెట్టేశా."

"నన్నడిగారా?"

"అడగడానికేముంది? రోజూ చూస్తూనే ఉన్నాంగా."

నిజమే, చూస్తూనే ఉన్నారు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కోపం వచ్చి ఎన్నాళ్ళయిందో కూడా గుర్తు రాలేదు. లేచి వెళ్ళి నర్సుని ఇంకో కాగితం అడిగింది. మొదటిది చిరిగిపోయిందా అని అడిగింది నర్సు.

"లేదు. అందులో ఉన్నవి ఆయన జవాబులు."

నర్సు కొత్త కాగితం ఇచ్చి, ఆమెని పక్కనున్న చిన్న గదిలోకి తీసుకెళ్ళి, తనూ ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ తలుపుకి గడియ ఉంది. వేసుకోనా అన్నట్టు ఆమె చూస్తే, వేసుకోమని నర్సు తలూపింది.

ఎనిమిది ప్రశ్నలూ తొందరగానే అయ్యాయి. తొమ్మిదో దగ్గర మళ్ళీ రబ్బరు వాసన, గుండెదడ. ఇంతలో తలుపు మీద వేళ్ళ చప్పుడు.

"ఉన్నావా?" అన్నాడు భర్త బయటినుంచి.

'దాదాపు ప్రతిరోజూ' అన్న గడిలో, కాగితం చిల్లుపడేంత గట్టిగా టిక్కు పెట్టింది.

"ఉండాలనే రాస్తున్నానండీ," అంది. "కాసేపు కూర్చోండి."