నీళ్ళు కాగేదాకా

"నా సంచిలో కాయలేసిందెవరు?"

మా అత్తగారు జోజమ్మగారు హాలు మధ్యలో నిలబడి, కొత్త గుడ్డసంచిని తోక పట్టుకున్న ఎలుకలా ఒంటికి దూరంగా పట్టుకుని అడిగారు. సంచి అడుగున మామిడి సొన కారి, అరచేతంత మరక పడింది.

"నేనేనమ్మా," అన్నారు మావారు పాల్ రాజు, పేపరు దించకుండా. "తోటకెళ్తుంటే చేతికి ఇంకేం దొరకలేదు. నాలుగు రసాలేగా."

"నాలుగు రసాలకి నా బైబిలు సంచే దొరికిందా? అప్పుడే కోసిన కాయకి సొన ఉంటుందని తెలీదూ? నూజివీడులో పుట్టి, బళ్ళో పిల్లలకి పాఠాలు చెబుతున్నావు!"

"ఉతికితే పోతుందిలే అమ్మా."

"సొన మరక పోవడం నువ్వెప్పుడన్నా చూశావురా?"

"నాన్న చెప్పేది లెక్కలు నానమ్మా, మరకల పాఠం కాదు," అంది మా అమ్మాయి షాలోమి. ఇద్దరూ కలిసి దాని మీద పడ్డారు.

నిమ్మకాయ, ఉప్పు, ఆఖరికి కిరసనాయిలు కూడా వేసి రుద్దాను. పోలేదు. మరక విషయంలో అత్తయ్యదే నిజం.

నిజానికి గొడవ సంచి కోసం కాదు. ఆ సంచి ఒక పెద్ద ప్రయాణానికి సిద్ధం చేసుకున్న సామానులో ఒకటి. మిగతావి ఒక తెల్ల చీర, నల్ల గొడుగు, మోకాళ్ళ నొప్పికి పనికొస్తాయని కొనిపించుకున్న కాన్వాసు బూట్లు. అత్తయ్య మేనత్త ఒకావిడ ఉంగుటూరు వైపు బైబిలు స్త్రీగా పనిచేసేది. తెల్ల చీర కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వాక్యం చదివి, మంచాన ఉన్నవాళ్ళ కోసం ప్రార్థన చేసి వచ్చేదట. చిన్నప్పుడు అత్తయ్య ఆవిడ గొడుగు పట్టుకుని వెనకాల నడిచేది. "నా తర్వాత నువ్వేనే జోజీ," అని ఆవిడ అన్న మాట అత్తయ్య మనసులో అలాగే ఉండిపోయింది. తర్వాత పెళ్ళి, తోట పని, పిల్లలు, మామయ్యగారి జబ్బు. ఆయన పోయాక, చేతులు ఖాళీ అయ్యాయని ఈ వేసవిలో గట్టిగా నిశ్చయించుకున్నారు. జూన్ నెలాఖరుకి ముసునూరులో ఒక గది తీసుకుని ఒక్కరే ఉంటారట. అక్కణ్ణుంచి చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతారట.

"ఒక్కదానివే ఎలా ఉంటావమ్మా? షుగరుంది. మోకాళ్ళున్నాయి," అన్నారు మావారు.

"మోకాళ్ళు అందరికీ ఉంటాయి."

"పాస్టరుగారేమన్నారు?"

"ప్రార్థన చేద్దాం, తొందరేముందమ్మా అన్నాడు. ఆయనకి ముప్పై ఐదేళ్ళు. ఆయనకి తొందరుండదు. నాకు అరవై రెండు."

"మోషేకి ఎనభైకి కదా నానమ్మా పిలుపొచ్చింది? నీకింకా పద్దెనిమిదేళ్ళ టైముంది," అంది షాలోమి.

అత్తయ్య నవ్వలేదు. నవ్వకపోతే విషయం ఎంత గట్టిదో నాకు అర్థమవుతుంది.

అసలు పని మొదలుపెట్టకుండా గది తీసుకోవడమెందుకని, ముందు ఇక్కడే మొదలుపెడతానన్నారు. మర్నాడే తెల్ల చీరకి గంజి పెట్టించి, నన్ను తోడు రమ్మన్నారు. ఇద్దరం ఆటో ఎక్కి ఊరి చివర కాయల షెడ్డుకి వెళ్ళాం. ఆడవాళ్ళు ఎక్కువమంది ఒక్కచోట ఉండేది అక్కడేనని ఆవిడ లెక్క. లెక్క తప్పు కాదు, సమయమే తప్పు. రోడ్డు మీద లారీ నిలబడి ఉంది. లోపల వరిగడ్డి దుమ్ము, చెమట, రసాల వాసన. ఆడవాళ్ళు వంచిన తల ఎత్తకుండా కాయలు ఏరి ట్రేల్లో పేరుస్తున్నారు. మాగినవి ఒక పక్క, మచ్చ ఉన్నవి ఒక పక్క, లారీకి వెళ్ళేవి ఒక పక్క.

అత్తయ్య బోర్లించిన ఖాళీ ట్రే ఒకటి చూసి, దాని మీద ఎక్కి నిలబడి, "తల్లులారా!" అని మొదలుపెట్టారు.

నేను గొడుగు వెనక దాక్కున్నాను. ఎండ లేదు, అయినా తెరిచాను.

రెండు మాటలు అయ్యాయో లేదో, వాళ్ళందరి మీద అజమాయిషీ చేసే ఆరోగ్యం అనే ఆవిడ కొంగు నడుముకి దోపుకుంటూ వచ్చింది. ఒకప్పుడు మా చర్చికే వచ్చేది. మానేసి చాలా ఏళ్ళయింది. "అమ్మగారూ, దేవుడి మాటే కానీ, లారీ నిలబడిపోయింది. తర్వాత చెబుదురుగాని. ముందు ఆ ట్రే దిగండి, అది మాకు కావాలి," అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. అత్తయ్య దిగారు. ఆరోగ్యం ట్రే తీసుకుని, కొంగుతో ఒకసారి తుడిచి, కాయలు పేర్చడం మొదలుపెట్టింది.

ఆటోలో అత్తయ్య చీరకంటిన వరిగడ్డి ఒక్కొక్కటే ఏరుకున్నారు. "తిట్టినా బాగుండేది తబితా. నవ్వారు," అన్నారు ఆఖరికి. మళ్ళీ కాసేపటికి, "ఇక్కడ నేను పాల్ రాజు వాళ్ళమ్మని. అందుకే వినరు. ముసునూరులో అయితే వింటారు," అన్నారు. దెబ్బ తిన్న కొద్దీ గది మీద పట్టుదల పెరిగింది.

ఆ వారంలోనే ఒకరోజు పొద్దున, మళ్ళీ తెల్ల చీర కట్టుకుని గుమ్మం దిగుతుంటే, పక్కింటి సీతారావమ్మగారు గోడ మీంచి పిలిచారు. వాళ్ళమ్మాయి పురిటికి వచ్చింది. నీళ్ళు పోసే మనిషి చెయ్యి బెణికి రావడం లేదు.

"వదినగారూ, పసిదాన్ని కాళ్ళ మీద వేసుకోవాలంటే నాకు గుండె దడ. ఇవాళొక్కరోజు మీరు పోసి పెడతారా?"

"నాకు పనుందండీ..." అన్నారు అత్తయ్య. అంతలో లోపల్నించి పసిపిల్ల ఏడ్చింది. అత్తయ్య గొడుగు నా చేతికిచ్చారు.

మా పెరట్లోనే పోశారు. నీళ్ళపొయ్యి, పెద్ద రాగి డేగిసా, ఎండిన మామిడి పుల్లలు ఉన్నాయి కాబట్టి. గంజి పెట్టిన తెల్ల చీర మోకాళ్ళ పైకి లాక్కుని, పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, బిడ్డని బోర్లా పడుకోబెట్టుకున్నారు. నూనె రాసి, శనగపిండి పెట్టి, వీపు మీద చెయ్యి అడ్డంపెట్టి నీళ్ళు జారవిడుస్తూ పాట కూనిరాగం తీశారు. పిల్ల ఏడుపు ఆపి, అరకన్ను తెరిచి, సాంబ్రాణి వేసేలోపే నిద్రపోయింది.

"మీ చేతిలో ఏదో ఉంది వదినగారూ," అన్నారు సీతారావమ్మగారు.

"నూనె," అన్నారు అత్తయ్య.

ఇవాళొక్కరోజు అనుకున్నది రోజూ అయింది. వీధి చివర ఇంకో బాలింత ఉందని తెలిసింది. తర్వాత ఆమె చుట్టం. ఎండలు ముదిరేసరికి మా పెరటి గేటుకి గడియ పెట్టడం మానేశాం. అత్తయ్య మాత్రం తెల్ల చీరే కట్టేవారు. స్నానాలయ్యాక బయల్దేరాలని రోజూ అనుకోవడం, ఆ చీర తడిసి ముద్దయిపోవడం.

నేనొకటి గమనించాను. నీళ్ళు కాగేదాకా చేసే పనేమీ ఉండదు. కూర్చోవాలి. అలా పొయ్యి చుట్టూ కూర్చున్నప్పుడు ఆడవాళ్ళు మాట్లాడేవారు. పాలు చాలడం లేదని ఒకామె, మొగుడు తాగొస్తున్నాడని ఒకామె, మళ్ళీ ఆడపిల్లేనని అత్త మొహం తిప్పుకుందని ఇంకొకామె. ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడే మా అత్తయ్య పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ వినేవారు. బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ప్రసంగం చెయ్యడం కుదరదు కదా. స్నానమయ్యాక బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి రెండు మాటలు ప్రార్థన చేసేవారు. సీతారావమ్మగారు కూడా, "మా దానికీ పెట్టండి. చల్లగా చూసే దేవుడు ఎవరైతేనేం," అనేవారు.

జూన్‌లో వానలు పడి కాయ అయిపోవచ్చింది. ఒక ఉదయం గేటు తోసుకుని ఆరోగ్యం వచ్చింది, చేతుల్లో మనవడితో.

"అమ్మగారూ, గుర్తుపట్టారా? షెడ్డులో..."

"పట్టకేం. లారీ వెళ్ళిందా?"

ఆరోగ్యం తడబడి, తర్వాత నవ్వింది. "లారీ ఏంటండీ, సీజనే వెళ్ళిపోయింది." పొయ్యి పక్కన కూలబడి, "ఆ రోజు మీరేదో చెప్పబోతే మధ్యలో ఆపేశాను. ఇప్పుడు చెప్పండి, వింటాను," అంది.

అత్తయ్య నోరు తెరిచారు. ఆ రోజు కోసం ఎంత తయారయ్యారో నాకు తెలుసు. మళ్ళీ మూసుకుని, డేగిసాలో వేలు పెట్టి చూసి, "నీళ్ళింకా కాగలేదు. ముందు నువ్వు చెప్పు. వీళ్ళమ్మేదీ?" అన్నారు.

ఆరోగ్యం కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. కూతురు ప్రియాంక కాన్పయిన దగ్గర్నుంచీ గోడ వైపు తిరిగి పడుకుంటోంది. ఆసుపత్రిలో చూపించారు, మందులిచ్చారు, తగ్గుతుందన్నారు. ఇంట్లో మాత్రం మాట లేదు. బిడ్డని ఇస్తే తీసుకుంటుంది, అంతే.

"రేపు దాన్ని తీసుకురా. మందులు మానిపించకు. ఊరికే ఇక్కడ కూర్చోబెట్టు," అన్నారు అత్తయ్య.

ప్రియాంక వచ్చింది. మొదట మంటనే చూస్తూ కూర్చునేది. అత్తయ్య ఆమెని ఏమీ అడిగేవారు కాదు. "ఆ చెంబందుకోమ్మా", "ఆ పుల్ల ఎగదొయ్యి" అనేవారు. కొన్నాళ్ళకి అడక్కుండానే చెంబు అందించడం మొదలైంది. ఒక శనివారం, అత్తయ్య పిల్లాణ్ణి వెల్లకిలా తిప్పి, పాదాలు దగ్గరికి చేర్చి, కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకున్నారు. పిల్లాడు అదే అదను చూసుకున్నాడు. ధార పైకి లేచి, సరిగ్గా అత్తయ్య గడ్డానికి తగిలి, తెల్ల చీర మీదుగా కిందికి కారింది.

"ఆమేన్," అన్నారు అత్తయ్య.

ప్రియాంక నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వింది. గోడ అవతల సీతారావమ్మగారు ఏమైందో తెలియకుండానే నవ్వడం మొదలుపెట్టారు. ఆరోగ్యం మాత్రం నవ్వలేదు. కూతురి మొహమే చూస్తూ కూర్చుంది.

వెళ్ళేముందు గేటు దగ్గర ఆగి, "ముసునూరు వెళ్ళిపోతున్నారటగా అమ్మగారూ?" అని అడిగింది. అత్తయ్య గడ్డం తుడుచుకుంటూ చల్లారుతున్న పొయ్యి ముందు చాలాసేపు కూర్చున్నారు.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి రాగానే పెరట్లో దండెం మీద తెల్లగుడ్డ ముక్కలు ఆరేసి ఉండడం చూశాను. అంచులు సూటిగా లేవు. కత్తెర పట్టింది నేను కాదు కాబట్టి ఎవరో తెలిసింది. వెళ్ళి అన్నం వడ్డించాను. కోడికూర, కొత్త ఆవకాయ, ముద్దపప్పు. చివరి రసాలు బేసిన్లో నీళ్ళలో వేసి ఉంచాను. మావారు ప్రార్థన చేశారు. అందరం మొదటి ముద్ద కలుపుకున్నాం.

"ముసునూరు గది వద్దని నిన్ననే కబురు పెట్టాను," అన్నారు అత్తయ్య.

మావారి ముద్ద కంచంలోనే ఆగిపోయింది.

"వానాకాలం పొయ్యి తడుస్తుంది. దాని మీద రేకు వెయ్యాలి. ఇంకో డేగిసా కూడా కావాలి. రేపట్నుంచి నలుగురు పిల్లలు."

"మరి ఆ చీర?" అన్నాను.

"అన్నిసార్లు తడిసి మెత్తబడింది. పిల్లల ఒళ్ళు తుడవడానికి బాగుంటుందని కత్తిరించాను. అందులో ఒక ముక్క ఆరోగ్యం మనవడికి. వాడి హక్కు."

"మరి పిలుపో నానమ్మా?" అంది షాలోమి. ఈసారి వేళాకోళంగా అడగలేదు.

అత్తయ్య ఆవకాయ ముక్క కొరికి, నింపాదిగా నమిలారు. ఆ మొహంలో అంత తీరిక నేనెప్పుడూ చూడలేదు. "పిలిచే ఆయనకి మనిల్లు తెలుసు. ఊరంతా తిరగమన్నప్పుడు తిరుగుతాను. ఆ రోజుకి చీర కూడా ఆయనే చూసుకుంటాడు."

"ఆయనెందుకమ్మా, నేను కొంటాను. ఎన్ని కావాలంటే అన్ని," అన్నారు మావారు.

"చీర సంగతి తర్వాత చూద్దాం," అన్నారు అత్తయ్య, రసం ఒకటి అందుకుని వేళ్ళతో మెత్తగా పిసుకుతూ. "నువ్వు ముందు నా సంచి కొను."