గట్టి కుట్టు

ఆ పొద్దున ఆకాశం తెరిపి ఇచ్చింది. వారమంతా కదలకుండా కూర్చున్న ముసురు ఎటో సర్దుకుని వెళ్ళిపోయింది. తూర్పున పల్చటి ఎండ, మేడల మీద ఆరీ ఆరని తడి. బైండరు తన కొట్టు తలుపు చెక్కలు తీస్తూ ఒకసారి తలెత్తి చూశాడు. వాన పోయిందంటే జనం గొడుగు మూలన పెడతారు, అతను జిగురు గిన్నె కిందికి దించుతాడు. ఇవాళ రాసింది ఇవాళే ఆరుతుంది. మంచిదే అనుకున్నాడు.

కొట్టంటే ఇంటి ముందు గదే. బల్ల, ఇనప ప్రెస్సు, మైనం రాసిన దారపు కండెలు, అంచులు కోసే కత్తి. వీధిలో అందరికీ అతను బంక బాబాయి. మాట తక్కువ మనిషి. పుస్తకం ఎవరిదైనా సరే, వీపు ఊడి కనిపిస్తే ప్రాణం ఒప్పదు. అడగకపోయినా తెచ్చుకుని కుట్టి ఇచ్చేవాడు.

"ఎవరింటికెళ్ళినా వాళ్ళ పుస్తకాల వీపు తడుముతారు. పెళ్ళాం వీపు ఏనాడైనా తట్టారా?" అనేది భార్య, నలుగురిలోనే. అతను నవ్వి ఊరుకునేవాడు.

ఆ కుట్టే అతనికి ఆమెను తెచ్చిపెట్టింది. అప్పట్లో ఆమె అక్క తన పాత పాటల పుస్తకం ఒకటి బాగుచేయించుకోవడానికి ఈ కొట్టుకే వచ్చింది. తీసుకెళ్ళేటప్పుడు దాన్ని అటూ ఇటూ తిప్పి, రెండు అట్టలూ పట్టుకుని లాగి చూసింది. ఊడలేదు. "ఏమయ్యా, పెళ్ళయిందా నీకు?" అని అడిగింది. తల్లి పోయిన దగ్గర్నించీ చెల్లెల్ని తన చేతుల మీద పెంచిన మనిషి. "కాగితాన్నే ఇంత జాగ్రత్తగా చూసేవాడు మా పిచ్చుకని చూసుకోడా" అని ఇంటికెళ్ళి తండ్రితో అందట. చెల్లెలు చిన్నప్పుడు పిడికెడు ఉండేదని పిచ్చుక అనే పిలిచేది. తలలో వెంట్రుకలు నెరిసినా ఆ పిలుపు మారలేదు.

తర్వాత అక్క సరిహద్దు అవతల దేశానికి కాపురానికి వెళ్ళింది. బస్సెక్కితే ఒక పూట దారి. అయినా మధ్యలో గేటు ఉంది, గేటుకో రూలు ఉంది. ఇప్పుడా అక్క అక్కడి ఆస్పత్రిలో మంచం పట్టింది. డాక్టర్లు చేతులెత్తేశారు. అక్క కూతురు ఫోనులో ఏడుపు మింగుకుంటూ, "పిన్నీ, ఎంత తొందరగా వస్తే అంత మంచిది" అంది.

వీధి చివర వీసాలు చేయించే మనిషి ఒకడున్నాడు. అతనే అన్నీ చెప్పాడు. తక్కువ రోజుల వీసా చాలు, చూసి రావడానికి. ఆస్పత్రి వాళ్ళ ఉత్తరం కావాలి. వాళ్ళింట్లో ఉంటారని అక్క కూతురి సంతకం కావాలి. తిరిగొచ్చే టిక్కెట్టు ముందే తీసుకోవాలి. ఫొటోలో నవ్వకూడదు.

"మా అక్కని చూడబోతూ నవ్వకుండా ఎలా ఉంటాను బాబూ?" అంది భార్య.

"ఒక్కసారి మీ ఆయన్ని తలుచుకోండి పిన్నిగారూ, నవ్వు దానంతటదే ఆగుతుంది."

ఆ నాడు కొట్టులో ముగ్గురూ నవ్వారు. ఫొటోలో మాత్రం ఆమె నవ్వలేదు.

వీసా వచ్చింది. పాస్‌పోర్టు చేతికిస్తూ ఆ మనిషి మరోసారి హెచ్చరించాడు. "జాగ్రత్త. చిరుగు, మరక, గీత ఏదీ ఉండకూడదు. చిరిగిన పాస్‌పోర్టయితే గేటు దగ్గరే వెనక్కి తిప్పుతారు."

అదీ ఆ పొద్దున సంగతి. మర్నాడు ప్రయాణం.

బైండరు ఎండలోకి వచ్చి పాస్‌పోర్టు తెరిచి చూశాడు. ఎన్నో ఏళ్ళ కిందట అక్క కూతురి పెళ్ళికని తీయించింది. అప్పుడు వెళ్ళడం పడలేదు. పెట్టె అడుగున పడి ఉండి ఉండి దారం సడలింది. నడిమి కాగితం కుట్టు వదిలి వేలాడుతోంది. ఆ కాగితం మీదే వీసా అంటించి ఉంది. వేలు పెట్టి కదిపితే అటూ ఇటూ ఊగింది. 

"ఇది ఇలా పట్టుకెళ్తే పంపరు" అన్నాడు.

భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అయ్యో. పోనీ ఆ వీసాల అబ్బాయిని ఒకసారి అడుగుదామా?"

"పుస్తకం కుట్టడానికి నేను ఇంకొకణ్ణి అడగాలా?"

ఆమె వంటింట్లోకి తిరిగి వెళ్ళింది. కుట్టు విషయంలో అతనికి చెప్పేవాళ్ళు ఆ ఊళ్ళోనే లేరు.

అతను ఆ పూట వేరే పని ముట్టుకోలేదు. బల్ల తుడిచి శుభ్రమైన కాగితం పరిచాడు. పాత దారం తెగకుండా మెల్లగా లాగేశాడు. సన్నని సూది ఏరుకుని, దారానికి మైనం రాసి, పాత కన్నాల్లోంచే పోనిచ్చాడు, కొత్త కన్నం ఒక్కటీ పడకుండా. వీపున వెంట్రుకవాసి జిగురు రాశాడు. ప్రెస్సులో బిగించి, ఎండ వాలేదాకా దాని పక్కనే కూర్చున్నాడు. తీసి చూస్తే నిన్న అచ్చయినట్టుంది. రెండు అట్టలూ పట్టుకుని లాగాడు. కదల్లేదు. అంత మంచి పని తన చేతుల్లోంచి ఈ మధ్య రాలేదనిపించింది. భార్యకిచ్చి, ఆమె ఏమంటుందా అని నిలబడ్డాడు.

"బాగుంది" అంది ఆమె. అని, చాలా ఏళ్ళ తర్వాత అతని వీపు మీద చిన్నగా తట్టింది.

గేటు దాకా అతనూ వెళ్ళాడు. పొడుగాటి రేకుల షెడ్డు, బారులు తీరిన జనం, ఇనప కమ్మీలు. సాగనంపే వాళ్ళు కమ్మీల ఇవతలే ఆగాలి. షెడ్డు అవతలి తలుపులోంచి ఆ దేశపు రోడ్డు కనిపిస్తోంది. ఇటున్నలాంటి రోడ్డే. అక్కడ వేప చెట్టు నీడన అక్క అల్లుడు బండి పెట్టుకుని ఉన్నాడు. వీళ్ళను చూసి చెయ్యి ఊపాడు. భార్య కూడా ఊపింది. వస్తోందనుకుని అతను బండి తలుపు తీసి పట్టుకున్నాడు.

ఆమె సంచీలో అన్నిటికన్నా పైన ఒక చెక్క దువ్వెన ఉంది. ఆస్పత్రిలో ఆయాలు దువ్వబోతే అక్క ఒప్పుకోవడం లేదట. "చిన్నప్పుడు దానికి నేను దువ్వాను. ఇప్పుడు నాకు అదొచ్చి దువ్వుతుంది" అంటోందట.

కౌంటరు దగ్గర ఆఫీసరు చిన్నవాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఎవర్ని చూడబోతున్నారు, ఎన్నాళ్ళుంటారు అన్నీ అడిగి, ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. వీసా ఉన్న కాగితం విప్పాడు. ముద్ర వెయ్యబోయి ఆగాడు. వేలితో మడత తడిమాడు. నీలం దీపం కింద పెట్టి చూశాడు.

"అమ్మా, దీన్ని ఎవరైనా విప్పారా?"

ఆమెకు ఏదో తేడాగా తోచింది.  ఎలా ఇచ్చారో అలాగే ఉంది బాబూ అనడానికి మాట నోటి దాకా వచ్చింది.

"ఎవరో చాలా బాగా కుట్టారే" అన్నాడు ఆఫీసరు, తనలో తను అనుకున్నట్టు.

కమ్మీల ఇవతలున్న బైండరుకు ఆ మాట చెవినపడింది. "నేనేనండీ!" అన్నాడు చెయ్యెత్తి. జీవితంలో అంత గట్టిగా మాట్లాడి ఎరగడు. "మా ఆవిడేనండీ. నేను బైండర్ని. ఇంక జన్మలో ఊడదు!"

ఆఫీసరు అతని వంక చూశాడు. ముద్ర కింద పెట్టేశాడు.

"అయ్యో" అన్నాడు చిన్నగా.

"ఏమైందండీ?"

"పాస్‌పోర్టు కుట్టు ఇచ్చినవాళ్ళు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు పెద్దాయనా. అసలు దారం ఈ దీపం కింద మెరుస్తుంది. ఇది మెరవడం లేదు. లోపలి కాగితం మార్చారో లేదో ఎవరికి తెలుసు?"

"మార్చలేదండీ. కావాలంటే ఇప్పుడే విప్పి చూపిస్తాను. సూది జేబులోనే ఉంది."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు.

"వద్దు. మీరు విప్పితే ఇంకా చెడుతుంది."

"కాగితం వేలాడుతుంటేనండీ… చిరిగితే పంపరన్నారు కదా అని…"

"వేలాడుతూ తెచ్చుంటే నాలుగు చివాట్లు పెట్టి, పైవాళ్ళతో మాట్లాడి పంపేవాణ్ణేమో. అసలు దారం ఉండేది కదా."

 కమ్మీ పట్టుకున్న బైండరు చెయ్యి పట్టుకున్నట్టే ఉండిపోయింది.

"బాబూ, మా అక్క ప్రాణంతో ఉండగా చూడాలి" అంది భార్య. ఏడవలేదు. చంటిపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. ఆస్పత్రి ఉత్తరం తీసి చూపించింది.

ఆఫీసరు లేచి లోపలికెళ్ళాడు. పై అధికారితో మాట్లాడుతున్నట్టు అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది. తల అడ్డంగా ఊపుకుంటూ బయటికొచ్చాడు.

"నేను వదిలినా అవతలివాళ్ళు తిప్పేస్తారమ్మా. వాళ్ళు రానివ్వలేదని ఒకసారి రాశారంటే ఇంక వీసా రావడమే కష్టం. కొత్త పాస్‌పోర్టుకి పెట్టుకోండి. దాని మీద మళ్ళీ వీసా. ఈ ఉత్తరం జత చేస్తే తొందరగా ఇస్తారు."

"ఎంత తొందరగా?"

అతను తర్వాతి మనిషిని పిలిచాడు.

అవతల చెట్టు కింద ఆ అల్లుడు బండి తలుపు పట్టుకునే ఉన్నాడు. ఆమె ఇటు తిరిగి నడిచినా, ఏదో మరిచిపోయి వెనక్కెళ్తోందనుకున్నాడు కాబోలు, అలాగే నిలబడ్డాడు.

బస్సులో భార్య కిటికీ పక్కన కూర్చుంది. చాలా దూరం వచ్చాక, "అడుగుదామన్నాను" అంది. ఒక్కసారే. గట్టిగా కూడా కాదు. అతను కొట్టినట్టయి తల దించుకున్నాడు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం ఫోను వచ్చింది. అక్క కూతురు విషయం తెలుసుకుంది. "అమ్మ అడుగుతోంది పిన్నీ, ఇస్తున్నాను" అంది. ఫోనులో ముందు ఊపిరి వినిపించింది, తర్వాత మాట.

"పిచ్చుకా, తొందరేం లేదు. మెల్లగా రా."

"వస్తానక్కా."

"మరిదిని ఏమీ అనకే. ఆ చెయ్యి ఊరికే ఉండదు, నాకు తెలీదూ? ఏరి కోరి తెచ్చింది నేనేగా. తిట్టాలంటే నన్ను తిట్టు." నవ్వబోయి దగ్గింది. ఫోను చేతులు మారింది.

బైండరు గుమ్మం పక్కనే ఉన్నాడు. అంతా విన్నాడు. కొట్టులోకెళ్ళి చీకటిపడినా దీపం వెయ్యకుండా కూర్చున్నాడు.

కొత్త పాస్‌పోర్టుకు పెట్టారు. పాతది రద్దు చేశామని ఒక మూల కత్తిరించి చేతికిచ్చారు. వీసాల మనిషి రోజూ వచ్చి, అయిపోతుంది పిన్నిగారూ, అయిపోతుంది అని చెప్పి వెళ్ళేవాడు. ఆమె సంచీ సర్దినది సర్దినట్టే మంచం పక్కన ఉంది. రెండో ఫోను మధ్యాహ్నం వచ్చింది. ఈసారి అక్క కూతురు పిన్నికి చెయ్యలేదు, కొట్టులో ఉన్న అతనికి చేసింది.

"బాబాయ్, మీరే చెప్పండి పిన్నికి. నా వల్ల కాదు." ఆగి మళ్ళీ అంది. "చివరిదాకా తల ముట్టుకోనివ్వలేదు బాబాయ్. చిక్కులు పడిపోయింది. పోయాక నేనే దువ్వాను."

అతను వంటింట్లోకి నడిచాడు. భార్య కుళాయి కింద గిన్నె కడుగుతోంది.  ఆమె ఒకసారి అతని చేతులు చూసింది. కాపురానికి వచ్చిన నాటినుంచి అతను జిగురు చేతులతో ఇంట్లోకి రాలేదు. ఇప్పుడు వేళ్ళ నిండా జిగురు. ఆమెకు చెప్పాల్సిన పని లేకపోయింది. గిన్నె నిండి నీళ్ళు పొంగిపోతున్నా కుళాయి కట్టలేదు. అతనే వెళ్ళి కట్టాడు. జిగురు కుళాయికి అంటుకుంది.

వీసాల మనిషి పరుగెత్తుకొచ్చాడు. "చావుకైతే వేరే రూలుంది బాబాయ్. అడిగిన రోజే ఇచ్చేస్తారు" అన్నాడు. అంతలోనే నాలుక కరుచుకున్నాడు. "కానీ చేతిలో పాస్‌పోర్టంటూ ఉండాలి కదా" అని గొణిగి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

అవతల అన్నీ వీళ్ళు లేకుండానే అయిపోయాయి.

ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చారు, కూర్చున్నారు, వెళ్ళారు. ఆమె మంచం దిగలేదు. అతను కాచి ఇచ్చింది ఏదో సగం తాగి పక్కన పెట్టేది. కొట్టు ముందు ఇవ్వాల్సిన పుస్తకాలు పేరుకుపోయాయి. సూది పట్టుకుంటే చేతికి ముల్లు గుచ్చుకున్నట్టుండేది.

ఒకనాడు మధ్యాహ్నం ఆ పాత పాస్‌పోర్టు బల్ల మీద పెట్టుకున్నాడు. మూల తెగిపోయి ఉంది కానీ వీపు చెక్కుచెదరలేదు. రెండు అట్టలూ పట్టుకుని లాగాడు. ఊడలేదు. ఇంకా బలంగా లాగాడు. ఊడలేదు. అంచుల కత్తి తీశాడు. మొన దారం కిందికి పోనిచ్చి, దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"దాన్ని కొయ్యకండి."

భార్య గుమ్మంలో నిలబడి ఉంది. తలస్నానం చేసినట్టుంది. జుట్టు దువ్వుకుని ముడి వేసుకుంది. చేతిలో ఆ చెక్క దువ్వెన. సంచీలోంచి తీసిందన్నమాట.

"ఎందుకిది ఇంక?" అన్నాడు.

"ఎందుకూ కాదు. ఉండనివ్వండి." లోపలికి తిరుగుతూ అంది, "అన్నానికి రండి. చేతులు కడుక్కుని."

రెండు కంచాలు పెట్టి ఉన్నాయి. ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె వడ్డించింది, ఎప్పటిలాగే ముందు అతనికి, తర్వాత తనకి. అతను ముద్ద కలిపాడు కానీ ఎత్తలేకపోయాడు. ఆమె కంచంలో చెయ్యి పెట్టుకుని అలాగే ఆగింది. అతను తినేదాకా తను తినదు. అదీ ఎప్పటిలాగే. అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. ఆమె మంచినీళ్ళ గ్లాసు అతని వైపు జరిపింది. అప్పుడు తనూ మొదలుపెట్టింది. బయట మళ్ళీ మబ్బు కమ్ముకుంటోంది. ఇద్దరూ కంచాలు ఖాళీ అయ్యేదాకా తిన్నారు.